అమ్మ రోలు మీద కూర్చున్న సాయంత్రం

బజారు అనే మాట వింటే ఇప్పటికీ నాకు మొదట కాళ్ళే నొప్పి పుడతాయి. ఆ నొప్పి మొదలైంది నా చిన్నప్పుడు, యాభైల్లో ఒక మామిడికాయల కాలంలో, మా ఇంటిల్లిపాదీ కృష్ణగిరికి పోయిన రోజున.

అంతకు ముందు ఏడాది మా నాన్న, పెదనాన్న వేరు పడ్డారు. చేను పంచుకున్నారు, ఎద్దులు పంచుకున్నారు, చెంబులు కూడా పంచుకున్నారు. పాత ఇంటి వంటగదిలో నేలలో పాతేసిన రోలును ఎవరు పంచగలరు? అది పెద్దమ్మ పాలికి వచ్చింది. అప్పటినుంచి అమ్మ రోజూ మిరపకాయలు, ధనియాలు గిన్నెలో వేసుకుని సంగటిలోకి కాచే సారుకు కారం నూరుకోవడానికి వాళ్ళింటికి పోయేది. పెద్దమ్మ చెడ్డది కాదు, ఏనాడూ కాదనలేదు. కాకపోతే అమ్మ రావడం చూసి అప్పుడే తన నూరుడు మొదలుపెట్టేది. "ఉండమ్మే, మాది కానీ" అనేది. అమ్మ గిన్నె పట్టుకుని గడప పక్కన నిలబడేది. ఏడాది పొడుగునా అలాగే నిలబడింది.

మాకొక రోలు కావాలని అమ్మ అడిగితే, నాన్నకు ఉత్సాహం వచ్చింది. "హోసూరు సంతలో ఏముంది? కృష్ణగిరికే పోదాం. పిల్లోళ్ళు ఊరు చూసినట్టూ ఉంటుంది" అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా బయలుదేరాడు.

బస్సు దిగగానే అమ్మ, "ముందు రోలు చూస్తామా?" అంది.

"బరువుది కడాకు కొనాల. ఇప్పుడే కొంటే దినమంతా ఎవరు మోసేది?"

ఆ మాటకు ఎదురు చెప్పడానికి లేదు. అదే మా ఖర్మ.

నాన్నకు బజారంటే చూసేది, కొనేది కాదు. ఇత్తడి దీపాలు, గొడుగులు, సైకిలు గంటలు, గోడ గడియారాలు, అన్నిటి ధరా అడిగాడు. అరవం వాళ్ళతో అరవంలో, కన్నడం వాళ్ళతో కన్నడంలో, మనవాళ్ళతో తెలుగులో బేరం ఆడాడు. మూడు భాషల్లో బేరమాడి ఒక్క భాషలోనూ ఏమీ కొనలేదు. మామిడికాయల మండీలో గడ్డి వాసన, ఈగలు, గంపలు మోసేవాళ్ళ కేకలు. "చూడు, ఎంత సరుకో!" అని నాన్న మురిసిపోయాడు. నేను చెప్పుల్లేని కాళ్ళతో ఒక అంగడి నీడలోంచి ఇంకో అంగడి నీడలోకి గెంతుతున్నాను. తమ్ముడు అమ్మ చంకలో ఏడ్చి ఏడ్చి, చివరికి భుజం మీద నిద్రపోయాడు. హోటల్లో ఇడ్లీ తిన్నంత సేపే సుఖం. మళ్ళీ నడక. అమ్మ మాత్రం ఏ అంగడి వైపూ తల తిప్పలేదు.

రాళ్ళు అమ్మే చోటుకి, కొండ కిందికి చేరేసరికి పొద్దు వాలింది. అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్ళో పడేసి, ఒక్కో రోలునూ గులకరాయితో కొట్టి చెవి ఒగ్గి విన్నది. బీట ఉంటే మోత వేరుగా ఉంటుందట. గుంటలో వేళ్ళు పెట్టి తడిమింది. ఒకటి నచ్చింది. రోళ్ళు అమ్మే ఆమె, "కొత్త రాయమ్మా, కొన్ని దినాలు తవుడేసి నూరి పారెయ్యి. లేకుంటే నోట్లో అంతా ఇసుకే" అని చెప్పింది. అమ్మ తలూపి, కొంగు ముడి విప్పి డబ్బిచ్చింది.

బండివాడొకడు రోలును, పొత్రాన్ని బస్సు దగ్గర దింపి పోయాడు. మా వైపు పోయే ఆఖరి బస్సు అది.

"ఏమప్పా, పైన మామిడికాయల గంపలు, లోపల జనం. ఈ రాయి యాడ పెట్టేది?" అన్నాడు కండక్టరు.

పొద్దుటినుంచీ తిరిగిన నాన్నలోనూ ఓపిక అయిపోయింది. "ఈడ ఏదో ఒక అంగట్లో పెట్టి పోదాం. వచ్చే వారం నేనొచ్చి తెస్తా" అన్నాడు.

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత పోయి రోలు మీద కూర్చుంది.

రోలు మీద కూర్చోవడం మా ఇళ్ళల్లో మహా పాపం. తెలియక కూర్చుంటే వీపు చిట్లగొట్టేది ఈ అమ్మే.

"మీరు పిల్లోళ్ళను పిల్చుకొని పోండి. నాకు చాలయ్యింది. ఇది వచ్చినప్పుడే నేనొచ్చేది" అంది. అరవలేదు, ఏడవలేదు. అమ్మను అక్కడే వదిలేసి పోతామేమోనని నేనే భోరుమన్నాను. బస్సులో జనమంతా కిటికీల్లోంచి తొంగి చూశారు.

నాన్న భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని కండక్టరు దగ్గరకు పోయాడు. "అప్పా, ఆ రాయికీ ఒక మనిషి టికెట్టు కొట్టు" అన్నాడు. కండక్టరు నవ్వాడు. డ్రైవరు కూడా దిగొచ్చి చెయ్యి వేశాడు. రోలు బస్సు వెనక మెట్ల పక్కన చేరింది. దినమంతా ఏమీ కొనని మనిషి రోలుకు టికెట్టు కొన్నాడు. అది దొర్లకుండా రెండు కాళ్ళ మధ్య పట్టుకుని, ఊరు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

మర్నాడు అమ్మ రోలును కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి కళ్ళకద్దుకుంది. తవుడు నూరాల్సింది. పక్కింట్లో పెద్దమ్మ పొత్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అమ్మ ఒక నిమిషం విని, వేయించిన వేరుసెనగలు, మిరపకాయలు రోట్లో పోసి సంగటిలోకి ఊరుబిండి పచ్చడి నూరేసింది.

సంగటి నమిలేది కాదు, మింగేది. కాబట్టి నేను, తమ్ముడు బతికిపోయాము. అయినా నాలుక మీద ఇసుక తగులుతూనే ఉంది. అన్నంలో ఒక్క మట్టిబెడ్డ వచ్చినా కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి మా నాన్న. మొదటి ముద్దే ఆయన నోట్లో ఆగింది. అమ్మ గరిటె చేత్తో పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

నాన్న మింగాడు. నీళ్ళు కూడా తాగలేదు.

"ఇంకొంచెం వెయ్యి" అన్నాడు.