యాభై మిల్లీమీటర్ల కడ్డీ

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే రోడ్డు పక్కన, కాలువ గట్టు మీద, ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. రొయ్యల చెరువులకు తెగులు సోకి, ఐసు దిమ్మల కోసం లారీలు రావడం మానేశాక, రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో అది మూతపడింది. యజమాని షెడ్డు కూల్చి స్థలం అమ్మదలచాడు. లోపల రెండు సిలిండర్ల అమ్మోనియా కంప్రెసరు ఉంది. దాని ఫ్లైవీలు చక్రం మనిషి ఎత్తు. నడిచే యంత్రంగా ఎవరైనా కొంటే సరే, లేకపోతే అది పాత ఇనుము కింద పోతుంది.

ఆ రెంటి మధ్య ఒక మనిషి బతుకు వేలాడుతోంది. అక్కడి ఆపరేటరుకు యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ యంత్రం తప్ప మరో పని ఎరుగడు. ఫ్యాక్టరీ ఆగిన పద్నాలుగు నెలలూ రోజూ ఉదయాన్నే వచ్చి, ఫ్లైవీలును చేత్తో పావు చుట్టు తిప్పి, ఆగిన చోట సుద్దతో గీత గీసేవాడు. షాఫ్టు బరువు నెలల తరబడి ఒకే చోట ఆనితే అక్కడ తుప్పు గుంట పడుతుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

చివరికి కాకినాడ వైపు నుంచి ఒక కొనుగోలుదారు వచ్చాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ ల్యాబు చూసే నన్ను యజమాని పరీక్షకు పిలిచాడు.

"మిషను తీసుకుంటే ఈయన్నీ తీసుకుపోతానండి. దీని దగ్గూ, దీని రొంపా ఈయనకే తెలుసు," అన్నాడు కొనుగోలుదారు.

"దానికి రొంప లేదండి. ఇరవయ్యేళ్లుగా ఐసు గదిలో తిరిగి నాకే ఉంది," అని ఆపరేటరు నవ్వాడు. అప్పటికే ఇంట్లో ట్రంకుపెట్టె సర్దించాడని నాకు తర్వాత తెలిసింది.

క్రాంకుకేసు పక్క మూత విప్పించి, కనెక్టింగు రాడ్లు పైకి జరిపించి, ఆ రాడ్లు పట్టుకుని తిరిగే షాఫ్టు పిన్నులను కొలవడానికి మైక్రోమీటరు తీశాను. ఆ పరికరంతో పాటు పెట్టెలో సరిగ్గా యాభై మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. ఏది కొలిచినా ముందు ఆ కడ్డీని కొలిచి, పరికరం నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. ఏటా మొదటి తరగతిలో నేను చెప్పే మొదటి మాట అది. ఆ రోజు చూసుకోలేదు. "మీరు చూసి ఊఁ అంటే చాలండి, మాస్టారు గారూ," అంటూ కొనుగోలుదారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ గౌరవం ముందు నా పరికరాన్ని నేనే అనుమానిస్తున్నట్టు కనిపించడం నాకు ఇష్టం లేకపోయింది.

డెబ్బై మిల్లీమీటర్లు ఉండవలసిన మొదటి పిన్ను 69.82 వచ్చింది. రెండోదీ 69.82. మిల్లీమీటరులో పదో వంతుకు మించి అరిగితే పనికిరాదు. ఆ పాత మోడలుకు, సన్నబడిన షాఫ్టుకు సరిపడే బేరింగులు దొరకవు. ఆ మాటే చెప్పాను.

ఆపరేటరు మెల్లగా, "రెండూ ఒకేలా ఎలా అరుగుతాయండీ? నూనె ముందు ఈ పక్క పిన్నుకి అందుతుంది. అవతలిది ఎక్కువ అరగాలి గదండీ?" అన్నాడు.

"కొలత అబద్ధం చెప్పదండి," అన్నాను.

కొనుగోలుదారు కాఫీ తాగి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా యంత్రం పాత ఇనుము వ్యాపారికి పోయింది.

ఆ తర్వాతి సోమవారం ల్యాబులో కొత్త బ్యాచికి అదే మైక్రోమీటరు చూపించాను. కడ్డీని దవడల మధ్య బిగించి, "ఇది యాభై చూపించాలి," అన్నాను. 49.84 చూపించింది. ఎవరి చేతిలో నుంచో ఎప్పుడో జారిపడి, దాని చట్రం వంగింది. పిల్లలు నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. 69.82కు 0.16 కలపడానికి నాకు సుద్దముక్క అక్కరలేదు.

మరో మైక్రోమీటరును కడ్డీతో సరిచూసుకుని, క్లాసు వదిలేసి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి షెడ్డు పైకప్పు లేదు. పోత ఇనుము కొలిమిలో పట్టాలంటే ముక్కలు చేయాలి. సమ్మెటలు పట్టుకున్న ముగ్గురిలో ఒకరు ఆపరేటరు. ఎక్కడ కొడితే పగులుతుందో ఆయనకు తెలుసని వ్యాపారి రోజుకూలికి పెట్టుకున్నాడు.

"ఇంత కొండంత మిషన్లో రాగి ముక్క లేదేంటి బాబాయ్? పాత ఏసీ పెట్టె నయం!" అంటున్నాడు వ్యాపారి.

"అమ్మోనియా రాగిని బతకనియ్యదబ్బాయ్. నీ నోట్లో పడేలోపే తినేస్తుంది," అన్నాడు ఆపరేటరు.

ఫ్లైవీలు అప్పటికే నాలుగు ముక్కలై ఉంది. ఒక ముక్క మీద సుద్దగీత ఇంకా తెల్లగానే కనిపిస్తోంది.

నన్ను చూసి ఆయన దగ్గరకు వచ్చాడు. "షాఫ్టు ఉక్కు గదండీ, పగల్లేదు. అదుగో. ఇంకోసారి చూసిపెట్టండి మాస్టారూ. నిద్ర పట్టట్లేదండి. ఆ రోజు మళ్లీ కొలవండని గట్టిగా అడగాల్సింది గదా, అడక్కుండా ఊరుకున్నానేంటా అని."

గ్రీజు తుడిచి కొలిచాను. 69.98. రెండోదీ 69.98. కొత్త షాఫ్టుకూ ఆ మాత్రం తేడా ఉంటుంది. రెండూ ఒకేలా అరగడం కాదు. రెండూ అరగనే లేదు.

"ఎంత వచ్చిందండీ?"

సమ్మెట నేలకు ఆనించి నా ముఖంలోకే చూస్తున్నాడు.

"అరిగిందండి," అన్నాను.

"ఎంతండీ?"

"ఆ రోజు చెప్పినంతే."

"పోన్లెండి," అని తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే ఇంక దీని మీద జాలి పడక్కర్లేదు."

సిలిండరు బ్లాకు చుట్టూ ఒకసారి తిరిగి, వాల్వు పక్కన గోడ పల్చబడే చోట వేలితో తడిమి, సమ్మెట ఎత్తాడు. ఒక్క దెబ్బకే అది రెండుగా విడిపోయింది.