మైకు ముందు గాజులు

ఓక్‌విల్‌లో మా పక్కింటి డోరతీ గారు అమెరికన్. వయసులో ఉన్నప్పుడు అమెరికా రేడియోలో పాటలు పాడారు, నాటకాల్లో నటించారు. నిన్న లైబ్రరీలో పాడమంటే, ముందు చేతి బ్రేస్‌లెట్ తీసి రుమాల్లో చుట్టి పక్కన పెట్టారు. మైకుకు అన్నీ వినిపిస్తాయట.

నాకు మా పిన్ని గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ రేడియో మీద అల్లిన గుడ్డ కప్పి ఉండేది కదా? మా ఇంటి రేడియోలో పిన్ని పాడేది. మొదటిసారి పిలిచినప్పుడు స్టేషన్‌వాళ్లు గాజులు తీసి రమ్మన్నారు.

"పుణ్యస్త్రీవి, బోసి చేతులతో పాడతావా? అయితే ఆ పాటే వద్దు," అంది నానమ్మ, అంటే పిన్ని అత్తగారు.

పిన్ని గాజుల మీద రుమాలు కట్టుకుని వెళ్లింది. నానమ్మ రేడియోకు చెవి ఆనించి కూర్చుంది. పాట బాగుందా అని అడిగాను.

"ఉండవే, గాజులున్నాయో లేవో విననీ."

పాట అయిపోయాక, పిన్ని కావాలనే రుమాలు విప్పిందేమో, గాజులు ఒకసారి గలగలమన్నాయి. నానమ్మ రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిన్న లైబ్రరీలో మొదటి పాట అయ్యాక డోరతీ గారికి ఇది చెప్పాను. ఆవిడ రుమాలు విప్పి బ్రేస్‌లెట్ తొడుక్కున్నారు. రెండో పాట చివర మైకు దగ్గర చెయ్యి ఒకసారి ఆడించారు.