అన్న వైపు అతికించని వెనీర్

ఒక మనిషి తన పనితనంతోనే తన పరువు ఎలా తీసుకోగలడో తెలియాలంటే నా సంగతి వినండి. ఇంత తెలివైన పని ఎమ్మిగనూరులో నాకంటే ముందు ఎవరూ చేసి ఉండరు.

మా ఇల్లు ఎమ్మిగనూరులో, నా వడ్రంగి పని ఆదోనిలో. బీరువా తలుపుకు టేకు వెనీర్, అంటే కాగితమంత పల్చటి టేకు పొర, వేస్తే వెనకవైపు కూడా వేయాలని గిరాకీలకు రోజూ శ్రీరంగనీతులు చెప్పేవాణ్ణి. జిగురు ఆరేకొద్దీ ఆ పల్చటి పొర ముడుచుకుని పలకను తనవైపు గుంజుతుంది. రెండు పక్కలా అంతే మందం పొర ఉంటేనే పలక నిటారుగా నిలుస్తుంది. "వెనక ఎవరు సూస్తారు మేస్త్రీ?" అని ఎవరైనా పిసినారితనం చూపిస్తే నిలబెట్టి దులిపేవాణ్ణి.

అంతటి పండితుణ్ణి, అన్నతో వేరుపడినప్పుడు ఏం చేశానో చూడండి. మా ఉమ్మడి ఇంటి పెద్ద గదికి అడ్డంగా పలకల గోడ పెట్టాలి. అటు అన్న మగ్గం, ఇటు నా సంసారం. నా వైపు మేలైన టేకు వెనీర్ అతికించి మెరుగు పెట్టాను. అన్న వైపు ఉత్త పలకే వదిలేశాను. నా టేకు ఆయనెందుకు చూడాలి? అదీ నా కక్ష.

అసలే ఎండాకాలం. జిగురు ఆరిందో లేదో, పలక నా వైపు గుంతపడి, అన్న వైపుకు నిండుచూలాలిలా పొట్ట పెట్టింది. ఆ పొట్ట మగ్గానికి తగిలి, ఆయన నేసినప్పుడల్లా నా ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. అన్న ఊరుకుంటాడా? పెద్దమనుషులను పిలిచి, "పంచుకున్యాక గూడా నా జాగాలోకి వస్తాండాడు సూడండప్పా" అని చూపించాడు. వాళ్లలో ఒకాయన టేపు పట్టుకుని, "యాడ కొలిసేది? పొట్టకాడా, కాళ్లకాడా?" అని నన్నే అడిగాడు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను గొయ్యి కూడా తీయలేదు, గోడే కట్టాను, అయినా పడ్డాను.

సరిచేయమన్నారు. దానికి మందు ఒక్కటే, అన్న వైపు కూడా వెనీర్ అతికించడం. పలక విప్పి నా ఇంట్లోనే చేస్తానన్నాను. అన్న ఒప్పుకోలేదు.

"అడ్డం ఒక్క పూట గూడా తీసేది లేదు. ఈడికే వచ్చి సేసుకోని పో" అన్నాడు, నా మొహం చూడకుండా.

పోయాను. వేరుపడ్డాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. వదిన అన్నం తినమంటుందని, అన్న "రేయ్" అంటాడని లోపల ఆశ. నిజం చెప్పాలంటే, పలక ఎటు వంగినా ఆ పిలుపు ఒక్కటి దక్కితే చాలనుకున్నాను. నా వైపు వేసిన టేకే, అదే మందం, చారలు కూడా అదే దిశలో అతికించి, పొట్ట లోపలికి పోయేలా బద్దలు అదిమి బిగించాను. వదిన కూలివాడికి పెట్టినట్టు గడప దగ్గర చెంబుతో నీళ్లు పెట్టి లోపలికి పోయింది.

జిగురు ఆరాక పోయి బద్దలు తీస్తే పలక గీత గీసినట్టు నిలిచింది. అన్న దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"పని బాగుంది మేస్త్రీ" అన్నాడు. "మీది యా ఊరు?"

ఆరోజే ఉలి మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: బొందిలో ప్రాణం ఉండగా, పగవాడి గోడకైనా సరే, ఒక్క పక్కే వెనీర్ అతికించను. పలక ఇప్పటికీ నిటారుగానే ఉంది. వంకరగా ఉన్నప్పుడే నయం, అన్న కనీసం తిట్టేవాడు.