తొంభై శాతం పూర్తయిన యుద్ధనౌక

పిస్కాటవేలో మా వీధి మొత్తానికి గరాజ్‌లో కారు పెట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. కార్లు రెండూ బయట ఎండలో, మంచులో నిలబడేవి. లోపల నేను ప్లాస్టిక్ యుద్ధనౌకలు అతికిస్తూ కూర్చునేవాణ్ణి. విశాఖలో పెరిగినవాడికి ఓడల పిచ్చి ఉండటంలో వింతేమీ లేదు. అన్నీ ఇటలీవే ఎందుకంటే మాత్రం గట్టి కారణం చెప్పలేను. రెండో ప్రపంచయుద్ధంలో అవి గెలిచింది తక్కువ, చూడటానికి మాత్రం చక్కగా ఉంటాయి. ఆఫీసులో మా ప్రాజెక్టులూ అలాంటివే కాబట్టి వాటి మీద కొంత సానుభూతి ఉండేది.

2013 వేసవిలో ఒక శనివారం, రెండిళ్ళ అవతలి పెద్దాయన చేతికర్రతో నడుస్తూ తెరిచి ఉన్న గరాజ్ ముందు ఆగారు. ఎనభై అయిదేళ్ళ మనిషి. యుద్ధం తర్వాత ఇటలీ నుంచి వచ్చి, ఇక్కడ తాపీపని చేసి రిటైరయ్యారు. నేను అతికిస్తున్న కిట్ డబ్బా మీది బొమ్మకి దాదాపు ముక్కు ఆనించి చూసి, "ఈ ఓడ జారా కదూ?" అన్నారు.

అవునన్నాను. ఆయన పర్సులోంచి ఒక ఫోటో తీశారు. తెల్ల యూనిఫాం వేసుకున్న ఒక నావికుడు ఓడ వెనుక కొసన నిలబడి, రెయిలింగ్ మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ఆయన అన్న. జారాకి అచ్చం జోడీ లాంటి ఫ్యూమే అనే క్రూజర్ మీద పనిచేసేవాడట. టార్పెడో తగిలి నడిసముద్రంలో ఆగిపోయిన తోటి ఓడ కోసం ఆ రెండూ వెనక్కి వెళ్ళాయి. చీకట్లో బ్రిటిష్ ఓడలు ఎదురయ్యాయి. మూడూ మునిగిపోయాయి. అన్న తిరిగి రాలేదు.

"దీన్ని ఫ్యూమే లాగా చెయ్యగలవా? నా చూపు మధ్యలోంచి పోతోంది. వచ్చే వసంతం దాకా కాస్త చూపు ఉండొచ్చని డాక్టర్ అంటున్నాడు. ఈ ఫోటోలో వాడి వెనకాల ఓడ గజం మేర కూడా కనిపించదు. ఒక్కసారి ఓడ మొత్తం చూడాలి," అన్నారు.

"క్రిస్మస్ కల్లా ఇచ్చేస్తానండీ," అన్నాను. నా ఉద్యోగంలో గడువులు చెప్పడం చాలా తేలిక.

అతికించడం రెండు నెలల్లో అయిపోయింది. మిగిలింది రంగు. ఇటలీ నౌకల బూడిద రంగు సరిగ్గా ఏ బూడిద అన్న విషయం మీద ఇంటర్నెట్ ఫోరమ్‌లో మూడు వర్గాలున్నాయి. వాళ్ళలో వాళ్ళకి మాటల్లేవు. నేను మూడు వర్గాలతోనూ వాదించాను. వేసిన రంగు రెండుసార్లు గీకేశాను. సొంత విమానాలు పొరపాటున బాంబులు వెయ్యకుండా ముందు డెక్ మీద వేసుకున్న ఎర్ర తెల్ల ఏటవాలు చారలకే నవంబరంతా పోయింది.

పెద్దాయన ప్రతి శనివారం ఆగేవారు. "ఎంతవరకు వచ్చింది?"

"తొంభై శాతం అయిందండీ."

ఆఫీసులో సోమవారం పొద్దున స్టేటస్ కాల్‌లో అందరం చెప్పే మాటే. అక్కడ దాన్ని ఎవరూ అబద్ధం అనరు.

మా ఆవిడ ఫార్మా కంపెనీలో క్వాలిటీ చూస్తుంది. జనవరిలో ఒకరోజు లాండ్రీ మడతపెడుతూ అడిగింది. "అక్టోబర్‌లోనూ తొంభై, ఇప్పుడూ తొంభయ్యేనా?"

"ఫినిషింగ్ ఉంది."

"మా ల్యాబ్‌లో ఎవరైనా బ్యాచ్ తొంభై శాతం స్టెరైల్ అంటే ఇంటికి పంపించేస్తాం. ఏదో ఒక రంగు వేసి ఇచ్చెయ్యండి. ఆయన కళ్ళు మీ ఫోరమ్ కోసం వెయిట్ చెయ్యవు."

"ఈ వీకెండ్ ఫినిష్ చేస్తాను."

"ఏ సంవత్సరం వీకెండో చెప్పండి, క్యాలెండర్‌లో పెట్టుకుంటాను."

ఫిబ్రవరిలో ఆయన నడకకి రావడం మానేశారు. మంచు వల్ల అనుకున్నాను. అడిగే మనిషి లేకపోవడం కాస్త హాయిగా కూడా ఉంది. ఈ వాక్యం రాయకుండా తప్పించుకోవాలనే చూశాను.

ఏప్రిల్ చివర్లో రంగు నాకు నచ్చింది. ఇక మిగిలింది రెయిలింగ్. వెంట్రుకంత సన్నటి ఇత్తడి కమ్మీలు, వంచి అతికించాలి. రెండు సాయంత్రాల పని. ఇంత సన్నవి ఎవరికి కనిపిస్తాయిలే అని ప్యాకెట్ విప్పకుండానే, మూరెడు పైచిలుకు ఓడని రెండు చేతుల మీదా పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. నా గొంతు వినబడిన వైపు మొహం తిప్పారు. నా వైపు కాదు, గొంతు వైపు. అర్థమైంది.

"తెచ్చావా? ఇలా పెట్టు," అని ఒళ్ళో చోటు చూపించారు. "ఏ రంగు వేశావు?"

ఆరు నెలలు మూడు వర్గాలతో వాదించినవాణ్ణి. నోరు తెరిస్తే, "బూడిద రంగండీ," అని వచ్చింది.

"మంచిది," అన్నారు.

వేళ్ళు ముందు కొస నుంచి బయల్దేరాయి. నవంబరంతా తినేసిన చారల మీదుగా ఆగకుండా వెళ్ళిపోయాయి. ముందున్న రెండు జతల ఫిరంగులు, పొగగొట్టాలు, వెనకున్న రెండు జతల ఫిరంగులు తడిమి లెక్కపెట్టుకున్నారు. వెనుక కొసకి చేరాక అంచు మీద ఆగారు. ఇంకోసారి తడిమారు.

"రెయిలింగ్ ఏది?"

పెట్టలేదని చెబితే సరిపోయేది. "యుద్ధానికి వెళ్ళేటప్పుడు తీసేసేవారండీ," అన్నాను. ఇలాంటివి నాకు వెంటనే తడతాయి.

ఆయన ఆ నున్నటి అంచు మీద బొటనవేలు ఇటూ అటూ నడిపారు.

"అయితే వాడికి పట్టుకోవడానికి ఏమీ లేదన్నమాట."

అప్పుడు చెప్పాను. "ఉండేదండీ. నేనే పెట్టలేదు. కనిపించదు కదా అని."

"ఎవరికి?" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

ఓడ తీసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ నా మొహం చూసి, ప్యాకెట్ విప్పడానికి కత్తెర తెచ్చిచ్చింది. రెండు సాయంత్రాల పని అనుకున్నది ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

మర్నాడు మళ్ళీ ఆయన ఒళ్ళో పెట్టాను. ఈసారి ఆయన ముందు కొస నుంచి మొదలుపెట్టలేదు. చెయ్యి నేరుగా వెనక్కి వెళ్ళింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కమ్మీ దొరికింది. దాని వెంబడి మెల్లగా జరుపుతూ, ఫోటోలో అన్న నిలబడిన చోట ఆపారు.

"ఇప్పుడు ఎంత శాతం?" అన్నారు.

ఆయన వేళ్ళు తీసేదాకా అక్కడే నిలబడ్డాను. చాలాసేపు తియ్యలేదు.