ఇరవై ఒక్క గింజలు

మా పిన్ని శుభ్రం మీద ఇంట్లో జోకులకు కొదవ లేదు. "నీళ్లను కూడా కడుక్కుని తాగే రకం" అనేవాడు బాబాయి. పిన్ని విత్తనాల ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు నూనెలు పరీక్షించిన మనిషి. ఆ శుభ్రమే ఆమె కొంప ముంచిందని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

గింజల నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు చాలావరకు అన్ని మొక్కల్లోనూ ఒకటే. కొన్ని కుటుంబాలకు మాత్రం తమదంటూ ఒక వింత ఆమ్లం ఉంటుంది. ఒకే కుటుంబానివైన పత్తి, బెండ, బూరుగుల నూనెను గాజుగొట్టంలో పోసి, గంధకపు మందు కలిపి వేడి చేస్తే, ఆ ఆమ్లం వల్ల గొట్టం ఎర్రబడుతుంది. ఆకులూ పూలూ చూసి తేల్చలేని చుట్టరికం అలా బయటపడుతుంది.

అడవులు తిరిగి నమూనాలు తెచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరూ చెట్ల మాస్టారనేవారు. ఒకసారి నలభై ఒక్క గింజలు తెచ్చాడు. అలాంటి చెట్టు ఆయన జన్మలో ఒక్కటే చూశాడట. పుస్తకాల్లో దాన్ని తప్పు కుటుంబంలో చేర్చారని ఆయన అనుమానం.

గింజల్లో సగం దాచడం అక్కడి కట్టుబాటు. పిన్ని ఇరవై నూరి నూనె తీసింది. గొట్టం ఎర్రబడింది. అంటే మాస్టారి అనుమానం నిజమే, అది పత్తికి చుట్టం. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. మా మహాతల్లి గొట్టాన్ని అనుమానించింది. అంతకుముందు అందులో పత్తిగింజల నూనె పోసింది మరి, జిడ్డు మిగిలి ఉంటే? చెట్టుంది కదా, మళ్లీ తెస్తారులే అనుకుని, కొత్త గొట్టం తీసి మిగతా ఇరవై ఒక్కటీ నూరేసింది.

మళ్లీ ఎర్రబడింది. ఆ సంబరంలో ఉండగానే మాస్టారు వచ్చాడు.

"రోడ్డు కోసం చెట్టు కొట్టేశారమ్మా. వేళ్లతో సహా పెకలించేశారు. దాచిన గింజలు ఇటివ్వు, నాటుదాం."

పిన్ని గొట్టం చూపించింది. ఆయన దాన్ని అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"పోనీలే, ఏ ఇంటిదో తెలిసిందిగా" అని గింజలతో పాటు ఇచ్చిన కాగితం మీద కుటుంబం పేరు దిద్ది వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ చెట్టు మళ్లీ ఎవరికీ కనబడలేదు.

పిన్ని ఉద్యోగం మానేసి పదేళ్లయింది. ఇప్పటికీ పిన్ని ఇంట్లో ఏ పండు కోసినా సగం గింజలు పొట్లం కట్టాల్సిందే. రోలు చప్పుడు వింటే గది వదిలి వెళ్లిపోతుంది. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఆ చెట్టు ఎలా ఉండేది పిన్నీ?"

"నేనెక్కడ చూశానురా? గింజలే చూశాను." తన అరచేతి వంక చూసుకుంది. "బాగా ముదిరిన గింజలు. వేస్తే ఒక్కటీ పోకుండా మొలిచేవి."