మునిరాజు బావ దాచిన జామపండు

నిన్న పొద్దున రాబర్ట్‌సన్‌పేటలో షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. మా రత్నమ్మక్క.

"మీ బావ లేస్తా లేడప్పా" అంది.

సగం ఎత్తిన షట్టర్ కిందికి లాగి అక్కావాళ్ల ఊరు రాయల్పాడుకు బయలుదేరాను. నేను చేరేసరికి ముంగిట్లో చెప్పులు నిండిపోయి ఉన్నాయి.

మునిరాజు బావ ఇక లేడు.

ఎక్కువ రాయడం నాకు చేతకాదు. కానీ ఇది రాయాలి.

బావ మామిడి రైతు అని అందరికీ తెలుసు. పెళ్లికి ముందు కొన్నేళ్లు బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఎలుకల్ని చూసుకునే పని చేశాడని కొందరికే తెలుసు. బోనులు కడగడం, మేత వేయడం.

మెదడును దెబ్బతీసే ఒక విషాన్ని ఆ ఎలుకలకు కొద్దికొద్దిగా ఇచ్చేవాళ్లట. పురుగుల మందు జాతిదే. ఆ తర్వాత వాటి తీరు ఎలా మారుతుందో చూసేవాళ్లు. మనుషులకు వచ్చే వణుకుడు జబ్బు సంగతి తెలుసుకోవడానికి.

ఒక టెస్ట్ గురించి బావ నాకు తోటలో కూర్చుని చెప్పాడు.

ఆకలిగా ఉన్న ఎలుకను పెట్టెలో వదులుతారు. రంపపు పొట్టు కింద బిస్కెట్ ముక్క దాచి ఉంటుంది. మందు తగలని ఎలుక ముక్కు ఎత్తి వాసన పట్టి, నేరుగా అక్కడికే పోయి తవ్వుకుంటుంది.

మందు తగిలినది బిస్కెట్ మీదుగానే నడిచి పోతుంది.

"కాళ్ల కిందే ఉండాది బామ్మర్దీ. దానికి తెలీలా. చూస్తే బాగుండేదాని మాదిరే తిరగతా ఉండె."

కొన్నాళ్లకు నడక మందగిస్తుందట. తిరిగే కడ్డీ మీద పెడితే నిలవలేక పడిపోతుందట. చివరికి ఒక మూల చేరి కదలదట.

"నొప్పి ఉంటాదా బావా?" అని అడిగాను.

"నొప్పుంటే మేలు గదప్పా. అరిచైనా అరుస్తాది."

వాళ్ల నాన్న పోయాక బావ ల్యాబ్ వదిలేసి తోటకు వచ్చాడు.

మా వైపు పూతకు మందు కొట్టేటప్పుడు కొలత చూసేవాళ్లు తక్కువ. డ్రమ్ములో నీళ్లు, మందు పోసి కర్రతో తిప్పుతారు. వంగి వాసన చూస్తారు. ఘాటు తగిలితే సరిపోయినట్టు. బావ వాళ్ల నాన్న అట్లాగే చేశాడు. అంతా చూసి వచ్చిన బావ కూడా అట్లాగే చేశాడు.

ఒక ఏడాది పూతకు నేను అక్కడే ఉన్నాను. బావ డ్రమ్ము మీదికి వంగాడు.

"ఈ తూరి మందు కల్తీ. వాసనే లేదు" అని ఇంకొంచెం పోశాడు. మళ్లీ వంగాడు. మళ్లీ పోశాడు.

దూరంగా బట్టలు ఉతుకుతున్న అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏం మనిషివయ్యా, ఈడికి కండ్లు మండతా ఉండాయి."

"నీది పోలీసు కుక్క ముక్కు. నన్ను చేసుకునే బదులు స్టేషన్‌లో చేరాల్సింది" అన్నాడు బావ.

అందరం నవ్వాం.

ఆ వారమే పొయ్యి మీద పాలు మాడిపోయాయి. ఇల్లంతా కంపు. బావ పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. అక్క కేకలు వేస్తే లేచి, మాడిన గిన్నెలో ముఖం పెట్టి చూశాడట.

ఆ రోజు నుంచి మందు ముట్టలేదు. కానీ చెయ్యి వణకడం మొదలైంది. అడుగులు చిన్నవయ్యాయి. గడప దగ్గరికి వచ్చి, దాటలేక నిలబడిపోయేవాడు. మందు వల్లనే అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నాడు డాక్టర్.

"నిజమే చెప్పినాడు" అన్నాడు బావ.

తోట పని కొడుకు కిరణ్ మీద పడింది. మా జిల్లాలోని నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్ట్ చేస్తూ, సెలవు రోజున వచ్చి వాడే మందు కొట్టేవాడు. బావ వాడికి మాస్క్ తెప్పించాడు. కొలత కప్పు తెప్పించాడు.

"మాస్క్ ఏసుకుంటే వాసన ఎట్ల తెలుస్తాది నాయనా?" అన్నాడు కిరణ్.

అప్పటినుంచి బావ జామపండు దాచడం మొదలుపెట్టాడు.

పండు మాగిందో లేదో ఆయనకు తెలియదు కాబట్టి అక్కనే అడిగేవాడు. ఇంట్లో ఎక్కడో పెట్టేవాడు. కిరణ్ రాగానే "యాడుండాదో చెప్పు" అనేవాడు. వాడు కనుక్కుని తినేసేవాడు. నాయనకు మళ్లీ చిన్నతనం వచ్చిందని ఇంట్లో నవ్వుకునేవాళ్లు. నాకు బిస్కెట్ సంగతి తెలుసు. నేను నవ్వలేకపోయేవాడిని.

నిన్న ఇల్లంతా జనం. పక్కింటి పెద్దాయన అటూ ఇటూ చూసి "జామపండు యాడ మాగతా ఉండాది?" అన్నాడు. అప్పటికే అందరికీ తగులుతున్న వాసన అది.

కిరణ్ రాగుల మూటకు ఆనుకుని కూర్చున్నాడు. వాడిని కొంచెం జరిపి మూట వెనక చెయ్యి పెట్టాను. పండు మెత్తగా నలిగింది.

"ఏంది మామా అది?" అన్నాడు.

వాడి ముఖం దగ్గర పెట్టాను. "ఏడ్చినాను గదా మామా, ముక్కు మూసుకుపోయింది" అన్నాడు.

అలాగే అనుకుందామనుకున్నాను. అక్క నన్ను పక్కకు పిలిచింది.

"నిన్న సాయంత్రమే పెట్టినాడప్పా. వీడు ఇల్లంతా ఎతికినాడు. దొరకలా. మీ బావ ఆ రాత్రి అన్నం గూడా తినలా."

కిరణ్‌ను అడిగే ఇది రాస్తున్నాను. మన వైపు తోటలున్నవాళ్లు చదవాలని.

డాక్టర్‌కు చూపించుకుందాం అంటే, పూత టైం మామా, ఇది అయిపోనీ అన్నాడు మొదట. పూత రాలితే రాలనీ అన్నాను. కర్మలు అయ్యాక నాతో డాక్టర్ దగ్గరికి వస్తానన్నాడు.

బావా, కిరణ్ గురించి నువ్వు అనుకున్నది తప్పు అని ఆ డాక్టర్ చెప్పాలి. అది వినేదాకా మాకు శాంతి లేదు.

నీకు మాత్రం ఉండాలి. పోయిరా.