ఎనిమిది మూరల ఏకాగ్రత

ఆ రోజుల్లో నాకు దేనిమీదైనా మనసు నిలిచేదని చెబితే ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మరు. వాళ్ల తప్పేం లేదు, ఈ రెండు ముక్కలు రాసేలోపే మూడుసార్లు ఫోన్ చూశాను. కానీ ఒక్కసారి మాత్రం నిలిచింది, నిలిచి నా కొంప ముంచింది.

యానాం నుంచి చదువుకోవడానికి వచ్చి, ముత్తియాల్‌పేటలో పెద్దమ్మగారి మేడమీద ఉండేదాన్ని. పెద్దమ్మ బాల్కనీలో కూర్చుని, తాడు కట్టిన బుట్టను వీధిలోకి దించి కూరగాయలమ్మితో బేరమాడుతూనే, చేతులవంక చూడకుండా అరటినారతో మల్లెమొగ్గలు కట్టేసేది. నార ఏ వేలి కిందనుంచి పోతోందో, ముడి ఎప్పుడు బిగుస్తోందో ఎంత దగ్గరగా చూసినా నాకు అంతుపట్టేది కాదు. అదేమిటో తేల్చుకోవాలన్న ఆత్రంలో, పెద్దమ్మ కూతురు అక్క నిశ్చితార్థానికి జడపూలు నేనే కడతానని అందరిముందూ అనేశాను. (అనడానికి నార అక్కర్లేదు కదా!) పాపం, అక్క నమ్మి బజారులో పూలు చెప్పొద్దంది.

నేను కట్టిన మూర పైకెత్తితే మొగ్గలన్నీ ఒళ్లో రాలేవి. "ఒక ముడి, ఒక చూపు ఫోన్లోకి. ఇంక పూలు యాడ నిలబడతాయి? ఇట్లా తే దాన్ని," అని పెద్దమ్మ ఫోన్ లాక్కుని తన సంచిలో వేసుకుంది. రోజూ గోడవైపు తిరిగి కూర్చుని ఒక్క ముడే వేయడం, విప్పడం, మళ్లీ వేయడం. ఆరో రోజున చూపుడువేలు తనంతట తానే వంగింది! నా వేలిని నేనే ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాను.

నిశ్చితార్థం నాడు చెవుల్లో దూది పెట్టుకుని, వెనకగది తలుపు మూసుకుని ఎనిమిది మూరలు కట్టాను. గర్వంగా బయటికొస్తే ఇల్లు ఖాళీ, వీధితలుపుకు బయట తాళం. నేను పూలతో వెనక ఆటోలో వస్తానని ముందువాళ్లు, ముందు ఆటోలో పోయానని వెనకవాళ్లు అనుకున్నారట. నన్ను నమ్మిన అక్క బోడిజడతో పీటలమీద కూర్చుంటుందని తలచుకుంటే ఏడుపొచ్చేసింది. బాల్కనీలోంచి కేకలు పెడితే, స్కూటర్ తీస్తున్న ఎదురింటి పిన్ని తలెత్తి చూసింది.

"ఏందే, నువ్వు ఇంకా ఈడనే ఉండావా? అందరూ పోయినారే!"

"తాళం వేసేశారు పిన్నీ! ఫోనూ లేదు. అక్కకి పూలు..."

"ఏడవబాక. ముందు ఆ కూరగాయల బుట్ట దించు, సీక్రం!"

పూలు బుట్టలో దిగి, స్కూటరెక్కి మంటపానికి వెళ్లాయి. నాకోసం అందరూ ఫోన్ చేస్తే అది పెద్దమ్మ సంచిలోనే మోగిందట. పెదనాన్న తాళంచెవితో వచ్చి నన్ను తీసుకెళ్లేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయి, విస్తళ్లు ఎత్తేస్తున్నారు.

ఆ ఆల్బంలో నేనెక్కడా లేను. ప్రతి ఫోటోలోనూ అక్క జడ ఉంది, ఒక్క మొగ్గ కూడా జారలేదు. మొన్న ఎందుకో నార తీసుకుని కూర్చుంటే వేలు ఇంకా అలాగే వంగింది. అంతలో ఫోన్ మోగింది, చూశాను, మొగ్గలు ఒళ్లో పడ్డాయి. ఇల్లంతా తనను వదిలేసి వెళ్లిపోయినా తెలియకుండా పూలు కట్టుకుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ పిల్లను చూస్తే ఇప్పుడు నాకు కాస్త అసూయ.